మంచంలో మనిషి ఉండగా ఫొటోలు తీస్తే తప్పా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఏ ఫోన్ కొనాలి, ఏ కెమెరా మంచిది అని అడిగినవే ఎక్కువ. వాటిని వచ్చే సంచికకు ఉంచాను. మూడు ఉత్తరాలను మాత్రం చదివాక పక్కన పెట్టబుద్ధి కాలేదు. మూడూ మన నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చినవే, మూడూ ఇంట్లో కష్టం నడుస్తుండగా రాసినవే. ఈ నెల పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. నాకు 41 ఏళ్లు. ఎనిమిది నెలల కింద మా ఆయన బండి మీద వస్తుంటే యాక్సిడెంట్ అయింది. నడుముకు, కుడి కాలికి దెబ్బ, రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఇంకా మంచంలోనే ఉన్నారు, ఈమధ్యే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పొద్దున్నే ఆయన లేవకముందు మా అబ్బాయి పాత ఫోన్‌తో ముగ్గు, కుట్టగా మిగిలిన బట్ట ముక్కలు, కిటికీలోంచి పడే ఎండ, ఇట్లాంటివి ఫొటోలు తీస్తుంటాను. ఆ పది నిమిషాలు నాకు ఏ టెన్షనూ గుర్తుండదు. రెండు వారాల కింద ఒక ఫొటో స్టేటస్‌లో పెట్టాను. మా ఆడబిడ్డ చూసి ఫోన్ చేసి, "ఇంట్ల మనిషి మంచంల పడి ఉంటే నీకు ఫొటోల సోకు ఎట్ల వచ్చిందే" అన్నది. అప్పటి నుంచి ఫోన్ ముట్టుకోవాలంటే చేతులు రావట్లేదు. నేను చేసింది తప్పా? ఆయన ఫొటోలు తీయొచ్చా? నాలుగు ఫొటోలు పంపుతున్నాను. పేరు వేయకండి.

జవాబు: చెల్లె, తప్పు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరమంతా కలిపి నువ్వు అడిగింది ఇదొక్కటే. ఎనిమిది నెలలుగా మనిషిని లేపి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం, వేళకు మందులు, మధ్యలో మిషన్, పిల్లాడి ఫీజు, ఇవన్నీ ఒంటిచేత్తో లాక్కొస్తున్న నువ్వు పొద్దున పది నిమిషాలు గుమ్మంలో నిలబడి వెలుతురు చూసుకుంటే ఎవరి సొమ్మూ పోదు. సంతోషపడితే ఆయన మీద ప్రేమ తగ్గినట్టేమో అని నీకు లోపల ఎక్కడో అనుమానం ఉన్నట్టుంది. ఆ అనుమానం మీ ఆడబిడ్డ మాటతో పుట్టింది కాదు, ముందు నుంచే ఉండి ఉంటుంది. ఆమె మాట సరిగ్గా అక్కడ తగిలింది.

నువ్వు పంపిన నాలుగు ఫొటోల్లో ఒకటి ప్రింటు తీయించుకున్నాను, వారం నుంచి నా బల్ల మీదే ఉంది. మీ ఇంటి కప్పు ఫొటో. కింద బకెట్‌లోని నీళ్ల మీద ఎండ పడి, ఆ వెలుగు పైకి కొట్టి స్లాబు మీద అలలు అలలుగా ఆడుతోంది. ఫ్యాన్ రెక్క మీద దుమ్ము కనిపిస్తోంది, సున్నం పెచ్చు లేచిన చోట చిన్న నీడ పడింది. మొదట చూసినప్పుడు ఇదెందుకు తీసిందా అనుకున్నాను, నువ్వు దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు మరి. రాత్రి పడుకున్నాక తట్టింది. వెల్లకిలా పడుకున్న మనిషికి కనిపించేది అదే కదా! ఎనిమిది నెలలుగా మీ ఆయన చూస్తున్నది ఆ కప్పునే. నువ్వు ఆయన పక్కన ఒరిగి ఆయన చూసేదాన్ని చూశావు. ఆ ఫొటో ఆయనకు చూపించావా? లేకపోతే ఇవాళే చూపించు. ఏమంటారో నాకు తప్పకుండా రాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. మా నాయినకు నల్లగొండలో గడియారం దగ్గర స్టూడియో ఉండేది. ముప్పై ఏళ్లు ఊరి పెళ్లిళ్లు తీశాడు. రీలుకు 36 ఫొటోలు, అందులో ఒక్కటి పాడైనా ఆ రాత్రి ఆయనకు అన్నం సయించేది కాదు. 2021 మేలో, కరోనా రెండోసారి ఊళ్లను ఊడ్చేసినప్పుడు పోయాడు. దినాలకు ఫొటో పెట్టాలని వెతికితే ఇంట్లో ఆయన ఫొటో లేదు. ఊరందరినీ తీసిన మనిషిని ఎవరూ తీయలేదు, కెమెరా పట్టుకుని తిరిగే కూతుర్ని, నేనూ తీయలేదు. చివరికి ఎవరిదో పాత పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి పక్కన నిలబడి ఉన్నది ఒకటి దొరికితే, ఆయన వరకు కత్తిరించి పెద్దది చేయించాం. ఇప్పుడు మా గోడ మీద ఉన్నది అదే. ఎడమ భుజం దగ్గర ఆ పెళ్లికూతురి పూలదండ అంచు అట్లాగే ఉండిపోయింది, స్టూడియో అబ్బాయి ఎంత ప్రయత్నించినా సరిగ్గా పోలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కెమెరా బ్యాగు జిప్పు తీయలేదు. ఒక సాయంత్రం ఇంట్లో ఉండలేక స్కూటీ తీసుకుని పానగల్లు పోయాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం నువ్వు చూసే ఉంటావు, కందూరు చోళుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది, బయట పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ మాత్రం పొద్దంతా కదలదు. ఏ ఒక్క స్తంభం నీడో అని వెతికితే ఎదురుగా స్తంభమే ఉండదు. బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురుతో ఏర్పడే నీడ అది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ రోజు మాత్రం చాలాసేపు కూర్చుని చూశాను. ఫోన్‌తో ఒక ఫొటో తీశాను, మసక మసకగా వచ్చింది, నచ్చలేదు. తెల్లారి మళ్లీ పోయాను. అట్లా పన్నెండు రోజులు పోయాను. ఏడుపు ఆగిందా అంటే ఆగలేదు, రెండుసార్లు ఆ మండపంలోనే ఏడ్చాను. కానీ సాయంత్రం అయిదయ్యేసరికి వెళ్లాల్సిన చోటు ఒకటుండేది, అక్కడ చేయాల్సిన పని ఒకటుండేది, ఆ కాసేపు కళ్లు ఆ రాయి మీదే ఉండేవి. ఫొటో వల్ల ఏం జరుగుతుందని ఎవరైనా అడిగితే నాకు తెలిసింది ఇంతే చెల్లె, ఇంతకంటే పెద్ద మాటలు చెప్పలేను. నీ పది నిమిషాలు కూడా అట్లాంటివే, వాటిని వదులుకోకు.

స్టేటస్ మాత్రం వేరే సంగతి. ఫొటో తీస్తుంటే కలిగే సంతోషం నీది. స్టేటస్‌లో పెట్టాక ఎంతమంది చూశారు, ఎవరు ఏమన్నారు అనేది మొదలవుతుంది, ఇప్పుడు నువ్వున్న పరిస్థితిలో ఆ లెక్క నీకెందుకు? ఆర్నెల్లు ఎక్కడా పెట్టకుండా తీసి చూడు. మీ ఆడబిడ్డకు భయపడి మానమనట్లేదు, నీ పది నిమిషాల్లోకి ఊరందరినీ పిలవొద్దంటున్నాను.

ఇంక ఫొటో తీసే తీరు గురించి రెండు మాటలు. నీ ఫొటోల్లో రెండు మసకగా ఉన్నాయి, ఫోన్ వంటింట్లో తిరుగుతుంది కాబట్టి లెన్స్ మీద నూనె జిడ్డు పేరుకుని ఉంటుంది, తీసే ముందు మెత్తటి నూలు బట్టతో తుడువు. మిషన్ పక్కన ముక్కలకు కొదవ లేదు కదా. ముగ్గు ఫొటోలో నేల తెల్లగా పేలిపోయింది. స్క్రీన్ మీద ముగ్గున్న చోట వేలు పెడితే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగితే వెలుతురు తగ్గి పిండి గీతలు విడివిడిగా కనిపిస్తాయి. జూమ్ వాడొద్దు, రెండడుగులు ముందుకు వేయి. పొద్దు పొడిచిన గంటలోపు, పొద్దు గుంకే ముందు గంటలో ఎండ ఏటవాలుగా పడి వస్తువుల మీద గరుకు, మడత అన్నీ బయటపడతాయి. నీ బట్ట ముక్కలను ఆ వేళలో గుమ్మం దగ్గర నేల మీద పెట్టి తీసి చూడు, కాటన్ ఏదో సిల్క్ ఏదో ముట్టుకోకుండానే తెలిసిపోతుంది.

ఇంట్లోవే తీస్తున్నాను, ఇవీ ఫొటోలేనా అని కూడా ఉత్తరం చివర రాశావు. మన తెలంగాణ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు ఏళ్ల తరబడి జబ్బుతో కొట్లాడుతూనే తెలంగాణ ఇండ్ల గుమ్మాలు, గోడలు, బతుకమ్మ పేర్చే ఆడవాళ్లను తీస్తూ పోయారు. 2022లో ఆయన పోయినప్పుడు ఊళ్లల్లో ఆ గుమ్మాలు ఎన్నో అప్పటికే లేవు, ఆయన ఫొటోల్లోనే మిగిలాయి. గునుగు, తంగేడు మీ ఇంటి ముందుకు వచ్చే నెలల్లో నువ్వు తీసేవి నాకు తప్పకుండా పంపు.

మీ ఆయన ఫొటోలు తీయొచ్చా అంటే, ఆయన్ని అడిగి తియ్యి. అడగకుండా మాత్రం వద్దు. పడుకున్న మనిషి లేచి పక్కకు పోలేడు, అందుకే మామూలు మనిషి కంటే ఆయన్ని ఇంకో మాట ఎక్కువ అడగాలి. పక్క మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు ఫోన్ ఆ గదిలోనే ఉండొద్దు. డాక్టర్ అడిగితే కుట్ల ఫొటో తీస్తావేమో, పని కాగానే తీసేయి, అవి గ్యాలరీలో నీ ముగ్గుల పక్కన ఉండకూడదు. ఆయన ఒప్పుకుంటే ఒక పని చెయ్యి. ప్రతి ఆదివారం వాకర్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఒకే చోటు నుంచి ఒక ఫొటో తియ్యి. నువ్వు నిలబడే చోట సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టుకో, చెరిగితే మళ్లీ పెట్టు. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. రెండు నెలల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే భుజం ఎంత నిటారుగా అయిందో, చేయి వాకర్ మీద ఎంత తక్కువ బరువు వేస్తోందో ఆయనే చూసుకుంటారు. ఒకవేళ పెద్దగా మార్పు లేకపోతే? అది కూడా దాచకుండా డాక్టర్‌కు చూపించండి, వాళ్లకు పనికొస్తుంది.

మీ ఆడబిడ్డ మాట నిన్ను గుచ్చింది, ఒప్పుకుంటాను. కానీ మంచంలో ఉన్నది ఆమె తోడబుట్టినవాడు. దూరంగా ఉండి ఏమీ చేయలేక భయపడే మనిషి నోటి నుంచి ఇట్లాంటి మాటలు వస్తుంటాయి. ఈసారి వచ్చినప్పుడు ఆమె అన్న మంచం మీద కూర్చుని ఏ బత్తాయో ఒలిచి పెడుతుంటే, ఇద్దరినీ అడిగి ఒక ఫొటో తియ్యి, ప్రింటు వేయించి ఆమె చేతికివ్వు. ఇంక నువ్వు ఆమెకు ఏదీ వివరించాల్సిన పని ఉండదనుకుంటున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు, మాది మహబూబ్‌నగర్. హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌లో ఉండి నాలుగేళ్లు గ్రూప్స్‌కు చదివాను, రాలేదు. ఇంటికొచ్చేశాను. నాన్న ఒకప్పుడు బొంబాయిలో బిల్డింగ్ పనులు చేసి చదివించారు, ఆయన ముఖం చూడలేకపోతున్నాను. నాకు ఫొటోలంటే ఇష్టం. 70 వేల కెమెరా ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను, అదైనా చేస్తే బతుకు దారిలో పడుతుందేమో. లేకపోతే ఒక్కోసారి అన్నీ వదిలేసి పోవాలనిపిస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, కెమెరా సంగతి తర్వాత. "అన్నీ వదిలేసి పోవాలనిపిస్తుంది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అది ఊరు వదిలిపోవడమా, ప్రాణం వదలడమా? రెండోదే అయితే, అట్లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, ఏ వేళలోనైనా ఎత్తుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్‌తో పాటు ఇవాళ రాత్రే ఇంట్లో ఒకరికి చెప్పు, అమ్మకో, నీతో పాటు రూమ్‌లో ఉన్న దోస్తుకో. పరీక్ష పోయిందని కాదు, "నాకు ఇట్లా అనిపిస్తోంది" అని చెప్పు. నాలుగేళ్లు చదివి ఆగిపోవడం పెద్ద దెబ్బే, దాన్ని ఒక్కడివే మోయకు. ఈ పని ఏ కెమెరా చేయదు.

ఈఎంఐ వద్దు. నెల తిరిగేసరికి కిస్తీ మెసేజ్ వస్తుంది, అది చూసిన రోజు ఎవరికీ ఫొటో తీయబుద్ధి కాదు. పైగా 70 వేలతో అయిపోదు, ఇంకో లెన్స్ అంటావు, కార్డులు, లైట్ అంటావు. పెళ్లిళ్ల సీజన్‌లో మీ ఊళ్లోని స్టూడియోల వాళ్లకు లైట్ పట్టడానికి, సామాన్లు మోయడానికి మనుషులు కావాలి. రోజుకింత ఇస్తారు, కెమెరా వాళ్లది, నేర్చుకునేది నువ్వు. మా నాయిన దగ్గర అట్లా చేరి తర్వాత సొంతంగా స్టూడియో పెట్టుకున్నవాళ్లను నేను చూశాను. ఒక సీజన్ చేశాక కూడా ఇష్టం అట్లాగే ఉంటే అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవచ్చు.

ఈలోపు ఫోన్ పట్టుకుని పిల్లలమర్రికి పో. అందరూ ఆ మర్రి మొత్తాన్ని ఒక్క ఫొటోలో ఇరికించాలని చూస్తారు, మూడెకరాలు పరుచుకున్న చెట్టు ఏ ఫొటోలో పడుతుంది? ఒక్క ఊడను ఎంచుకో. 2017లో ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే జనాన్ని రానివ్వడం ఆపేసి, మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు, నీకు గుర్తుండే ఉంటుంది. బరువైన కొమ్మల కింద దిమ్మెలు కట్టి నిలబెట్టారు. ఆ దిమ్మె, కొమ్మ కలిసే చోటును దగ్గర నుంచి చూడు. వారానికి రెండుసార్లు పోయి అదే చోటును వేరే వేరే వేళల్లో తియ్యి. పదిహేను ఫొటోలయ్యాక నాకు పంపు, ఒక్కోదాని మీద నాకు తోచింది రాసి పంపుతాను. వీలైతే ఒకసారి నాన్నను కూడా తీసుకుపో. ఆయన్ని తీయమని చెప్పట్లేదు, ఊరికే తీసుకుపో. కానీ ముందు ఆ ఫోన్ చెయ్యి తమ్ముడూ, చేశానని ఒక కార్డు ముక్క రాయి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్‌ని, మిర్యాలగూడ. మా ఆవిడ పోయి ఏడు నెలలు. బడి ఫంక్షన్లన్నిటికీ నేనే ఫొటోలు తీసేవాణ్ని. ఇప్పుడు పిల్లలు, తోటివాళ్లు "మళ్లీ కెమెరా పట్టుకోండి సార్, మనసు మళ్లుతుంది" అంటున్నారు. పట్టుకోలేకపోతున్నాను. నా ఫోన్‌లో వేల ఫొటోలున్నాయి, ఆవిడవి లెక్కబెట్టినన్నే. 2019లో సాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన ఒక ఫొటో మాత్రం రోజూ చూస్తాను, అందులో గాలికి కొంగు ఎగిరి ముఖం సగం కప్పేసింది. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: సార్, లోపమేమీ లేదు. ఏడు నెలలు ఎంతని? కెమెరా అందరికీ మందు కాదు, పైన నేను చెప్పినవన్నీ మీకు వర్తించాలనీ లేదు. మన దేశంలో మొట్టమొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా గారు స్వాతంత్య్రం వచ్చిన రోజులను, నెహ్రూ కాలాన్ని అంతా తీసినవారు, భర్త పోయాక 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. 2012లో 98 ఏళ్ల వయసులో పోయేదాకా మళ్లీ ఆ వృత్తిలోకి రాలేదు. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. మీకు ఎప్పటికైనా తీయాలనిపిస్తే తీయండి, అనిపించకపోతే మానేయండి. పిల్లలకు కూడా ఈ మాటే చెప్పండి, వాళ్లు మీ మంచికే అంటున్నారు గానీ ఆ ఒత్తిడి మీకు అక్కర్లేదు.

ఉన్న ఫొటోల సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. ఫోన్ ఒక్కసారి నీళ్లలో పడితే అవి పోతాయి. ఆవిడ ఉన్నవన్నీ ముందు పిల్లల ఫోన్లలోకి పంపించి పెట్టండి. బడి ఫంక్షన్ల ఫొటోలు కూడా తీరిగ్గా చూడండి, వెనక వరుసలోనో, పక్కన కుర్చీలోనో ఆవిడ కూర్చుని ఉన్నవి తప్పకుండా దొరుకుతాయి. మా నాయిన మాకు దొరికింది అట్లాగే. ఒక్కరోజులో అన్నీ చూడాలని పెట్టుకోకండి, బరువుగా అనిపించిన రోజు మూసేయండి. పది పన్నెండు ఏరుకుని మాక్సీ సైజులో ప్రింట్లు వేయించండి, మిర్యాలగూడలో గంటలో ఇచ్చేస్తారు. వెనక బాల్‌పెన్‌తో రాయకండి, గట్టిగా ఒత్తితే ముందు వైపుకు గీత తేలుతుంది, మెత్తటి పెన్సిల్‌తో రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం.

ఆ సాగర్ ఫొటోను మొదట వేయించండి. ముఖం సగమే కనిపిస్తోందని మీకు బాధగా ఉన్నట్టుంది. గేట్లు ఎత్తినప్పుడు ఆ తుంపరకు, ఆ గాలికి కొంగు ఎవరి చేతిలోనూ ఉండదు సార్, నేనూ తడిసినదాన్నే. ఆ క్షణంలో ఆవిడ నవ్వుతున్నారా, కొంగు పట్టుకోమని మిమ్మల్ని కేకేస్తున్నారా? అది ఫొటోలో లేదు, మీకే తెలుసు. ప్రింటు వెనక సంవత్సరం రాసిన చోట, దాని కిందే అదీ రాయండి.